బాబ్ రాస్ చిత్రకారుడా, రంగులమ్మిన సార్జెంటా?

గోదారిగట్టు
మా బాబాయి భారత వాయుసేనలో ఇరవై ఏళ్ళు రాడార్ విభాగంలో పనిచేసి, సార్జెంటుగా పదవీ విరమణ చేసి, రాజమహేంద్రవరంలో స్థిరపడ్డారు. పింఛను వస్తున్నది, వయస్సు ఇంకా నలభై దాటలేదు, ఊరికే కూర్చోవడం ఆయన స్వభావానికి సరిపడదు. యూట్యూబులో అమెరికా చిత్రకారుడు బాబ్ రాస్ పాఠాలు చూస్తూ తైలవర్ణ చిత్రాలు వేయడం మొదలుపెట్టారు. రాస్ కూడా ఇరవై ఏళ్ళు వాయుసేనలో చేసి వచ్చినవాడేనని తెలిసినప్పటి నుండి ఆయన ఉత్సాహానికి పగ్గాలు లేకుండా పోయాయి. హోటళ్ళకు, క్లినిక్కులకు చిత్రాలు వేసి అమ్ముతానంటున్నారు. అయితే మా బంధువుల్లో డ్రాయింగు మాస్టారు ఒకరున్నారు. ఆయన ఒక పెళ్ళిలో పదిమంది ముందు, "రాస్ చిత్రకారుడేమిటి, టీవీలో రంగు డబ్బాలు అమ్ముకున్నవాడు; అతణ్ణి చూసి నేర్చుకుంటే చెయ్యి పాడవుతుంది" అనేశారు. బాబాయి నొచ్చుకుని అప్పటి నుండి కుంచె ముట్టుకోవడం లేదు. మాస్టారి మాటలో నిజమెంత? రాస్ జీవితం, అతని వ్యాపారం తెలిసినవారు వివరంగా చెబితే ఆయనకు చదివి వినిపిస్తాను.

నీలిమేఘం
నేనూ వాయుసేన నుండి వచ్చినవాడినే కాబట్టి ముందుగా ఉద్యోగం సంగతి చెబుతాను. రాస్ 1942 అక్టోబరు 29న ఫ్లారిడాలోని డేటోనా బీచ్‌లో పుట్టి, ఓర్లాండోలో పెరిగాడు. తొమ్మిదవ తరగతిలో బడి మానేసి తండ్రి వెంట వడ్రంగానికి వెళ్ళాడు. ఆ పనిలోనే ఎడమ చూపుడు వేలి కొస పోయింది. టీవీలో రంగుల పలక ఎప్పుడూ ఆ చేతిలోనే ఉంటుంది గనుక చాలామంది దాన్ని గమనించరు. 1961లో, పద్దెనిమిదేళ్ళ వయస్సులో, వాయుసేనలో చేరాడు. విమానం నడిపాడని, యుద్ధాలు చేశాడని మనవాళ్ళు కల్పించి చెప్పుకునే కథలను నమ్మకండి. అతను వైద్య రికార్డుల విభాగంలో పనిచేశాడు. అలాస్కాలోని ఐల్సన్ వైమానిక స్థావరపు ఆసుపత్రిలో ఫస్ట్ సార్జెంటు దాకా ఎదిగి, 1981లో మాస్టర్ సార్జెంటు హోదాలో బయటికి వచ్చాడు.

ఫస్ట్ సార్జెంటు అంటే మన దగ్గర స్టేషన్ వారెంట్ ఆఫీసరు, సైన్యంలోనైతే బెటాలియన్ హవల్దార్ మేజరు చేసే పనికి దగ్గరగా ఉంటుంది. పక్క సర్దనివాడిని, మరుగుదొడ్డి సరిగా కడగనివాడిని, ఆలస్యంగా వచ్చినవాడిని గద్దించడమే దినచర్య. ఆ అరుపులతో విసిగిపోయాననీ, సైన్యం నుండి బయటపడిన తర్వాత ఇక ఎవరిమీదా గొంతెత్తకూడదని నిశ్చయించుకున్నాననీ రాస్ ఒక పత్రికతో చెప్పాడు. టీవీలో మనం వినే ఆ మెత్తని గొంతు వెనుక ఇంత కథ ఉన్నది. మీ బాబాయి గారికి ఈ భాగం తప్పకుండా చదివి వినిపించండి.

పాతబోర్డు
మా వీధిలోని హవల్దార్ మేజరు గారు మాత్రం అలాంటి నిశ్చయమేదీ చేసుకోలేదు. పాలవాడు ఇప్పటికీ ఆయన గుమ్మం ముందు సావధాన్‌లో నిలబడి పాలు పోస్తాడు.

చిత్రలేఖిని
మాస్టారు నలుగురిలో అలా అని ఉండవలసింది కాదు. కానీ ఆయన లేవనెత్తిన విషయాన్ని కొట్టిపారేయలేము. కమర్షియల్ ఆర్టిస్టు అంటే, ఒకరు అవసరంతో వచ్చి, కొలతా గడువూ చెప్పి పని అప్పగిస్తే, ఆ అవసరానికి తగినట్లు బొమ్మ వేసి ఇచ్చేవాడు. రాస్ తన టీవీ చిత్రాలను ఎవరి కోరిక మీదా వేయలేదు. వాటిని దాదాపుగా అమ్మనూ లేదు. అతని సంస్థ అమ్మినది ఆ చిత్రాలు వేసే సామగ్రి: రెండంగుళాల కుంచె, రంగు పూసే కత్తి, రంగు గొట్టాలు, పుస్తకాలు, శిక్షణ తరగతులు. కార్యక్రమం చేసినందుకు అతను పారితోషికం కూడా పుచ్చుకోలేదు, ఎందుకంటే ఆ అరగంట కార్యక్రమమే అతని సరుకుకు ప్రకటన. కనుక అతను మంచి ఉపాధ్యాయుడు, అంతకంటే మంచి విక్రేత. నేను లలితకళల కళాశాలలో చదువుకున్నాను. మాకు ముందు చెట్టు దగ్గర కూర్చోబెట్టి, కొమ్మ ఎక్కడ చీలుతున్నదో చూడమనేవారు. రాస్ చెట్టును చూడకుండానే చెట్టు వేయడం నేర్పాడు. మాస్టారి బాధ అదే అయి ఉంటుంది.

నీలిమేఘం
చిత్రలేఖిని గారూ, మీరు చెప్పింది 1983 తర్వాతి రాస్ గురించి. అంతకుముందు కొన్నేళ్ళ పాటు అతను మీ నిర్వచనానికి పూర్తిగా సరిపోయే కమర్షియల్ ఆర్టిస్టే. ఫ్లారిడా సమతల భూమిలో పెరిగిన కుర్రవాడు అలాస్కా వెళ్ళి మంచు కొండలను చూశాడు. ఆంకరేజ్‌లో సైనికుల కోసం నడిచే యూఎస్ఓ క్లబ్బులో చిత్రలేఖన తరగతికి చేరాడు. అక్కడి గురువులకు నైరూప్య చిత్రాల మీద మక్కువ. చెట్టు అంటే ఏమిటో చెప్పేవారే గాని చెట్టును ఎలా వేయాలో చెప్పేవారు కాదని అతను తర్వాత వాపోయాడు. అంటే మీ కళాశాలకూ అతనికీ పేచీ అప్పుడే మొదలైందన్నమాట.

జీతం చాలక ఒక బారులో మద్యం అందించే పని కూడా చేసేవాడు. అక్కడి టీవీలో బిల్ అలెగ్జాండర్ అనే జర్మన్ చిత్రకారుడు అరగంటలో ఒక చిత్రం పూర్తి చేయడం చూశాడు. ఆ పద్ధతి నేర్చుకుని, ఉద్యోగంలో దొరికే కాస్త విరామంలోనే చిత్రం ముగించే వేగం సంపాదించాడు. వేసినది దేనిమీదో తెలుసా? బంగారం కోసం ఏటి ఇసుకను జల్లించే పళ్ళేల మీద. అలాస్కా అంటే బంగారు గనులు, మంచు కొండలు. పర్యాటకుడు ఇంటికి పట్టుకుపోయే గుర్తులో రెండూ కలిసి వచ్చాయి. ఆ పళ్ళేల మీద వచ్చే రాబడి వాయుసేన జీతాన్ని మించిన తర్వాతనే అతను ఉద్యోగం వదిలాడు. సరుకు తెలుసు, కొనేవాడు తెలుసు, గడువు తెలుసు. ఇంతకంటే కమర్షియల్ ఆర్టు ఏముంటుంది?

చిత్రలేఖిని
పళ్ళేల సంగతి ఒప్పుకుంటున్నాను. అయితే దాన్ని కళ అని మాత్రం ఒప్పించలేరు.

పాతబోర్డు
ఒప్పుకోవలసిన అవసరం కూడా లేదమ్మా. నేను తెనాలిలో చాలా ఏళ్ళు బోర్డులు రాశాను. ఎరువుల కంపెనీల గోడ ప్రకటనలు, సినిమా హాలు ముందు కటౌట్లు, లారీల వెనుక పేర్లు, ఎన్నికల గుర్తులు, దేవుడి పటాలు అన్నీ చేశాను. నన్ను "నువ్వు కళాకారుడివా" అని అడిగినవాడు ఒక్కడు లేడు. "రేపు పొద్దునకు అవుతుందా" అని అడగనివాడూ లేడు. చిన్న ఫోటో మీద గళ్ళు గీసి, అవే గళ్ళను ఇరవై అడుగుల తెర మీద సుద్దదారంతో కొట్టి, ఒక్కొక్క గడిలో ఉన్నదాన్ని ఒక్కొక్కటిగా ఎక్కించేవాళ్ళం. కింద నిలబడి వేసేటప్పుడు హీరో గారి ముక్కు ఎక్కడుందో మాకే తెలిసేది కాదు, రోడ్డవతలికి వెళ్ళి చూసుకోవలసి వచ్చేది. ఫ్లెక్సీ యంత్రాలు వచ్చాక ఆ పని మొత్తం పోయింది. నా తోటివాళ్ళలో కొందరు స్టిక్కర్ల కటింగులోకి వెళ్ళారు, కొందరు ఇళ్ళకు సున్నాలు వేస్తున్నారు.

అందుకే రాస్ మీద నాకు గౌరవం. అతను బొమ్మ అమ్ముకుని బతకలేదు, బొమ్మ వేయాలన్న కోరికకు సామాను అమ్మి బతికాడు. ఆ కోరికను ఫ్లెక్సీ యంత్రం కొట్టేయలేదు. మాకు ఆ ఆలోచన రాలేదు.

మాధవరం_మనవడు
పాతబోర్డు గారి మాటలకు మా ఇంటి సంగతి ఒకటి జోడిస్తాను. మాది తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం, అందరూ మిలిటరీ మాధవరం అంటారు. ఇంటికొకరు చొప్పున సైన్యంలో చేరిన ఊరు గనుక పదవీ విరమణ చేసినవారు ఏ పనులు వెతుక్కుంటారో మాకు బాగా తెలుసు. బ్యాంకు కాపలా, ఫ్యాక్టరీ సెక్యూరిటీ, సొంత వ్యవసాయం, లేకపోతే డ్రైవరు పని. మా పెదనాన్న మాత్రం పెయింటరు. దళంలో ఉన్నప్పుడు వాహనాల మీద నంబర్లు, యూనిట్ చిహ్నాలు, దారి బోర్డులు ఆయనే రాసేవారు. బయటికి వచ్చాక గూడెంలో కొట్టు పెట్టుకున్నారు. బ్యాంకులకు, బడులకు ఆయన రాసిన బోర్డులు చూస్తే ఇట్టే గుర్తుపట్టవచ్చు. అక్షరాలన్నీ ఒకే ఎత్తులో, ఒకే ఎడంతో, కవాతుకు నిలబడినట్లు ఉంటాయి. గుడి బోర్డు కూడా అలాగే రాస్తే పూజారి గారు, "ఇది గుడి అండీ, బ్యారకు కాదు" అన్నారట.

పదవీ విరమణకు ముందు సైనికులకు ప్రభుత్వం పునరావాస శిక్షణ ఇస్తుంది. అందులో కంప్యూటరు, భద్రత, నిర్వహణ లాంటి కోర్సులను ఎంచుకునేవారే ఎక్కువ. చేతిపని తెలిసినవాడు దాన్ని ఉద్యోగంలో ఉండగానే పదునుపెట్టుకోవాలి. రాస్ చేసింది అదే, మా పెదనాన్న చేసిందీ అదే. మీ బాబాయి గారు బయటికి వచ్చాక మొదలుపెట్టారు కనుక కొంత ఓపిక పట్టాలి.

ఇండియానా_వాసి
నేను ఇండియానాపోలిస్‌లో ఉంటాను. ఇక్కడి నుండి మన్సీ పట్టణానికి గంటకు పైగా ప్రయాణం. రాస్ కార్యక్రమం "ది జాయ్ ఆఫ్ పెయింటింగ్" తొలి విడతను వర్జీనియాలో చిత్రీకరించారు గాని, తర్వాతవన్నీ మన్సీలోని డబ్ల్యూఐపీబీ అనే చిన్న పబ్లిక్ టీవీ కేంద్రంలోనే జరిగాయి. అప్పట్లో ఆ స్టూడియో ఒక పాత బంగళాలో ఉండేది. 2020లో అదే బంగళాలో స్టూడియోను ఆనాటిలాగే అమర్చి, సందర్శకులకు తెరిచారు. నేను మా అమ్మాయిని తీసుకువెళ్ళాను. ఆ గది చూస్తే ఆశ్చర్యం కలిగింది, ఎందుకంటే అక్కడ ఏమీ లేదు. నల్లని తెర, కాన్వాసు నిలబెట్టే ఒక ఈజిల్, కెమెరాలు, అంతే. 1983 నుండి 1994 వరకు ముప్పై ఒక్క విడతలు, మొత్తం 403 భాగాలు అలాంటి ఖాళీలో నుండే వచ్చాయి. ఒక విడతకు పదమూడు భాగాలు. వాటిని రోజుల తరబడి లాగకుండా రెండు మూడు రోజుల్లో చుట్టేసేవారు. ఇక్కడ నాకు కళ కంటే సైన్యమే ఎక్కువగా కనిపించింది.

ఒక్కొక్క భాగానికి మూడు చిత్రాలు వేసేవాడు. ముందుగా ఒకటి వేసి కెమెరాకు కనబడకుండా పక్కన పెట్టుకునేవాడు. దాన్ని చూస్తూ రెండవది మన ముందు వేసేవాడు. మూడవదాన్ని తీరికగా వేసి, దశలవారీగా ఫోటోలు తీసి బోధన పుస్తకంలో చేర్చేవారు. అప్పటికప్పుడు తోచినట్లు వేస్తున్నాడని మనం మురిసిపోయిన ఆ మేఘం కూడా ముందే వేసి పెట్టుకున్నదే.

చిత్రలేఖిని
ఇండియానా వాసి గారు నా వాదనకే బలం ఇచ్చారు. మూడు నకళ్ళు తీసిన దాన్ని సృజన అనలేను, ఉత్పత్తి అనాలి. 2014లో ఒక అమెరికా వార్తా సంస్థ రాస్ టీవీ చిత్రాలన్నిటినీ లెక్కవేసి చూస్తే, నూటికి తొంభై ఒక్క చిత్రాల్లో కనీసం ఒక చెట్టు ఉన్నది. మనుషులు మాత్రం దాదాపుగా కనిపించరు.

పాతబోర్డు
నేను వేసిన వేంకటేశ్వరస్వామి పటాల్లో నూటికి నూరింటిలోనూ నామం ఉన్నది. కొనేవాడికి ఏది కావాలో అదే వేస్తాం కదమ్మా. 1894లో రవివర్మ గారు బొంబాయిలో ముద్రణాలయం పెట్టి లక్ష్మీ సరస్వతుల పటాలు వేలకొద్దీ అచ్చువేయించారు. ఆయన్ను చిత్రకారుడు కాదని మీ కళాశాలలో ఎవరైనా అన్నారా?

చిత్రలేఖిని
కొందరు అన్నారు. నేను కాదు.

రంగుడబ్బా
వాదన సాగుతూ ఉండనివ్వండి. గోదారిగట్టు గారి బాబాయి మళ్ళీ కుంచె పట్టుకుంటే పనికివచ్చే విషయాలు చెబుతాను. నేను విశాఖలో ఇదే పద్ధతిలో వేస్తాను, మొదట్లో ప్రతి చిత్రమూ బురదే అయ్యేది. కారణం రంగులు. ఈ పద్ధతిలో తడి ఆరకముందే తడి మీద రంగు వేస్తారు. కాన్వాసుకు ముందుగా ద్రవరూపంలో ఉన్న తెలుపును పల్చగా పూస్తారు, దాని మీద ఆకాశం, మేఘాలు అందులోనే కలిసిపోతూ వస్తాయి. ఆ పైన కొండ వేయాలంటే రంగు గట్టిగా ఉండాలి. పల్చని రంగు గట్టి రంగుకు అంటుకుంటుంది గాని, రెండూ ఒకే పలుచదనంలో ఉంటే కలిసిపోయి బూడిదరంగు మిగులుతుంది. రాస్ తన రంగులను గట్టిగా తయారు చేయించుకున్నాడు. మన అంగళ్ళలో దొరికే విద్యార్థి రకం గొట్టాల్లో నూనె ఎక్కువ. నేను రంగును ముందు రోజు రాత్రి అట్టముక్క మీద పిండి పెడతాను, నూనె కొంత అట్ట పీల్చుకుంటుంది, పొద్దునకు రంగు కత్తికి నిలబడేంత గట్టిపడుతుంది. ద్రవరూప తెలుపు కొనవలసిన పని లేదు, టైటానియం తెలుపులో శుద్ధి చేసిన అవిసె నూనె కలుపుకుంటే సరిపోతుంది.

ఇక టర్పెంటైను. ఆయన గది కిటికీలు తెరిచి ఉంచాలి, వాసన లేని థిన్నరు దొరికితే అదే వాడాలి. కుంచెను థిన్నరులో కడిగి ఈజిల్ కాలికి వేసి కొట్టడం చూడటానికి సరదాగా ఉంటుంది, రాస్ కూడా ఆ ఘట్టంలోనే నవ్వేవాడు. ఇంట్లో అలా చేస్తే గోడలు, సోఫా, పిన్ని గారి మనస్సు మూడూ పాడవుతాయి. ఒక డబ్బాలో పెట్టి కొట్టమనండి. సముద్రపు గాలిలో చిత్రం ఆరడానికి చాలా రోజులు పడుతుంది, కాబట్టి పెళ్ళి కానుకగా అడిగినవారికి ముందే చెప్పాలి.

గోదారిగట్టు
పిన్ని సంగతి ఎలా తెలిసింది మీకు? గోడ మీద నీలం చుక్కలు ఇప్పటికే ఉన్నాయి. నీలిమేఘం గారు రాసింది బాబాయికి చదివి వినిపించాను, పళ్ళేల దగ్గర చాలాసేపు ఆగి మళ్ళీ చదవమన్నారు. ఒక సందేహం. ఆ అలెగ్జాండర్ గారి నుండి రాస్ విద్యను దొంగిలించాడని ఎక్కడో చదివారట. నిజమేనా?

నీలిమేఘం
అలెగ్జాండర్ కూడా మాజీ సైనికుడే. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యంలో పనిచేసి మిత్రరాజ్యాలకు బందీగా చిక్కాడు. అధికారుల భార్యల రూపచిత్రాలు వేస్తూ ఆ బందిఖానాను గట్టెక్కాడని చెబుతారు. యుద్ధంలో ఓడిన పక్షపు సైనికుడి పద్ధతిని గెలిచిన పక్షపు సైనికుడు అలాస్కాలో ఒక బారు టీవీలో నేర్చుకోవడం నాకు ఎప్పుడూ విచిత్రంగా అనిపిస్తుంది. రాస్ పదవీ విరమణ చేశాక మొదట అలెగ్జాండర్ సంస్థ తరఫునే ఊరూరా తిరిగి తరగతులు చెప్పాడు, సామాను అమ్మాడు. 1982లో ఫ్లారిడాలో అలాంటి తరగతికి వచ్చిన ఆనెట్ కొవాల్స్కీ, కొడుకును పోగొట్టుకున్న దుఃఖంలో ఉన్న మనిషి, అతని మాటతీరుకు ఊరట చెంది, సొంతంగా పెట్టుకోమని ప్రోత్సహించారు. తర్వాత రాస్ గురువును మించి పేరు తెచ్చుకున్నాడు. 1991లో న్యూయార్క్ టైమ్స్‌తో మాట్లాడుతూ అలెగ్జాండర్, అతను నాకు ద్రోహం చేశాడు, ఈ పద్ధతిని కనిపెట్టింది నేను అన్న అర్థం వచ్చేలా ఆవేదన వెళ్ళగక్కాడు.

చిత్రలేఖిని
ద్రోహం మాట వారి మధ్య సంగతి. కనిపెట్టడం మాట మాత్రం తప్పు. తడి మీద తడి రంగు వేసి ఒకే విడతలో ముగించడం ఐరోపాలో శతాబ్దాల నాటి పద్ధతి. పదిహేడవ శతాబ్దపు డచ్చి చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ మొదలు పంతొమ్మిదవ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు మోనే వరకు ఎందరో దాన్ని వాడారు. అలెగ్జాండర్ దాన్ని టీవీ సమయానికి కుదించాడు, రాస్ దానికి గొంతునిచ్చాడు. ఈ ఒక్క విషయంలో రాస్‌ను నేను సమర్థిస్తున్నాను, కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోవద్దు.

పాతబోర్డు
ఆశ్చర్యపోయాను.

ఉడతాభక్తి
నా పేరు చూసి ఇక్కడికి ఎందుకు వచ్చానో ఊహించే ఉంటారు. రాస్ వ్యాపకాల గురించి ఎవరూ మాట్లాడలేదేమిటి? అతను పిల్లవాడిగా ఉన్నప్పుడే దెబ్బతిన్న జంతువులను ఇంటికి తెచ్చి బాగుచేసేవాడు. ఒకసారి మొసలి జాతి జీవినే తెచ్చి స్నానాల తొట్టిలో పెట్టాడని అంటారు. పెద్దయ్యాక అనాథ ఉడత పిల్లలకు సీసాతో పాలు పట్టి, పెరిగాక వదిలిపెట్టేవాడు. పీపాడ్ అనే ఉడత పిల్ల అతని చొక్కా జేబులో కూర్చుని కార్యక్రమంలోకి వచ్చింది. ఆ కాసేపు చిత్రం సంగతి ఎవరికీ గుర్తుండదు. మన్సీలో జంతువులను సాకే ఒకావిడ ద్వారా జింక పిల్లలు, గుడ్లగూబలు కూడా ఆ తెర మీదికి వచ్చాయి.

ఇది కేవలం కాలక్షేపం అనుకోను. ఇంతకుముందు ఒకరు అన్నట్లు అతని చిత్రాల్లో మనుషులు దాదాపుగా ఉండరు. ఇరవై ఏళ్ళు మనుషులను వరుసలో నిలబెట్టిన ఉద్యోగం చేసినవాడు, సెలవు దొరికినప్పుడల్లా మనుషులు లేని చోటికి వెళ్ళడం నాకు సహజంగానే తోస్తుంది. దీనికి ఆధారం అడగకండి, ఇది నా ఊహ.

మాధవరం_మనవడు
ఊహ కాదండీ. మా పెదనాన్న కొట్టు మూసిన తర్వాత చేసే పని ఒక్కటే, చెరువు గట్టున గాలం వేసుకుని ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవడం. చేప పడకపోతేనే ఆయనకు ఆనందం.

ఇండియానా_వాసి
ఆ గుబురు ఉంగరాల జుట్టు సంగతి కూడా చెప్పాలి. అది అతని సహజమైన జుట్టు కాదు. ఇరవై ఏళ్ళు సైనిక క్షవరం చేయించుకున్నవాడు, బయటికి వచ్చిన కొత్తలో డబ్బుకు ఇబ్బందిగా ఉండి, మాటిమాటికీ మంగలి ఖర్చు ఎందుకని రసాయనాలతో ఉంగరాలు తిప్పించుకున్నాడు. తర్వాత దాని మీద విసుగు పుట్టినా, అప్పటికే రంగు గొట్టాల మీద, పెట్టెల మీద ఆ తల ముద్ర అయిపోయింది. వ్యాపార చిహ్నాన్ని కత్తిరించుకోవడం అంత సులభం కాదు.

హాస్యరేఖ
సైనికుడిగా వెళ్ళి బొమ్మలతో బతికినవారిలో అమెరికా కార్టూనిస్టు చార్ల్స్ షుల్జ్‌ను మరిచిపోవద్దు. 1943లో సైన్యంలోకి తీసుకున్నారు, ఇరవయ్యవ కవచ దళంలో స్టాఫ్ సార్జెంటుగా ఐరోపాకు వెళ్ళాడు. తిరిగి వచ్చాక మినియాపొలిస్‌లో పోస్టు ద్వారా చిత్రలేఖనం నేర్పే సంస్థలో విద్యార్థుల బొమ్మలు దిద్దే ఉద్యోగం చేశాడు. 1950 అక్టోబరు 2న మొదలైన అతని "పీనట్స్" దినపత్రిక బొమ్మలు యాభై ఏళ్ళు నడిచాయి, అందులోని స్నూపీ కుక్క కారు ప్రకటనల్లోనూ బీమా ప్రకటనల్లోనూ కనిపించింది. అతని వ్యాపకం మంచు హాకీ. 1969లో శాంటా రోసాలో ఏకంగా ఒక మంచు మైదానమే కట్టించాడు. రాస్‌కు ఉడత, షుల్జ్‌కు కుక్క. మన సార్జెంటు గారు కూడా ఒక జంతువును చూసుకోవాలేమో.

గోదారిగట్టు
ఇంట్లో పిల్లి ఉన్నది. అది ఆరని కాన్వాసు మీద నడిచింది కూడా.

వకాల్తా
పిల్లి అడుగులకు కాపీరైటు ఎవరిదన్న ప్రశ్న నాకు వదిలేయండి. మిగిలిన న్యాయ విషయం ఒకటి ముఖ్యమైనది. రాస్ సంస్థలో అతనూ, అతని భార్య జేన్, కొవాల్స్కీ దంపతులూ సమాన భాగస్వాములు. 1992లో జేన్ మరణించాక ఆమె వాటా మిగిలిన ముగ్గురికీ చేరింది, అంటే రాస్ తన పేరు మీద ఉన్న సంస్థలోనే మైనారిటీ వాటాదారు అయ్యాడు. 1995 జూలై 4న లింఫోమా క్యాన్సరుతో, యాభై రెండేళ్ళకే, అతను చనిపోయాడు. ఆ పేరును, రూపాన్ని వాడుకునే హక్కుపై అతని కొడుకు పక్షం దావా వేస్తే, 2019లో వర్జీనియాలోని ఫెడరల్ న్యాయస్థానం సంస్థ వైపే తీర్పు చెప్పింది.

మన దగ్గర చిత్రాలు అమ్మాలనుకునేవారు తెలుసుకోవలసిన సంగతి 1957 నాటి కాపీరైటు చట్టంలో ఉన్నది. ఎవరైనా డబ్బిచ్చి, ఫలానా చిత్రం వేసిపెట్టమని కోరితే, వేరే ఒప్పందం లేని పక్షంలో ఆ చిత్రం మీద తొలి కాపీరైటు వేయించుకున్నవారిదే అవుతుంది, వేసినవారిది కాదు. అంటే హోటలు యజమాని ఆ చిత్రాన్ని రేపు తన మెనూ మీద, సంచుల మీద అచ్చు వేసుకున్నా మీ బాబాయి గారు అడగలేరు. ఒక కాగితం మీద, హక్కులు చిత్రకారుడివే, హోటలుకు గోడ మీద తగిలించుకునే అనుమతి మాత్రమే అని రాసి సంతకం చేయించుకుంటే ఈ తగాదా రాదు. సొంతంగా వేసి తర్వాత అమ్మిన చిత్రానికి ఈ చిక్కు లేదు.

పాతబోర్డు
నేను వేసిన ఒక కొబ్బరినూనె అమ్మాయి బొమ్మ ఎన్ని ఊళ్ళ గోడలెక్కిందో ఇప్పుడు అర్థమయింది. వకాల్తా గారు ఆనాడు తెనాలిలో ఉంటే బాగుండేది.

ఇండియానా_వాసి
చిత్రాల ధర గురించి ఒక్క మాట. రాస్ వేసిన వెయ్యికి పైగా కాన్వాసులు వర్జీనియాలోని ఆ సంస్థ గిడ్డంగిలో అట్టపెట్టెల్లో ఉన్నాయి. బయట అమ్మకానికి అరుదుగా వస్తాయి. బతికి ఉండగా చాలా చిత్రాలను పబ్లిక్ టీవీ కేంద్రాలకు ఇచ్చేసేవాడు, వాళ్ళు వేలం వేసి విరాళాలు కూడగట్టుకునేవారు. 2019లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియం కొన్నిటిని తీసుకున్నది. మాస్టారు గారికి ఈ మాట చెప్పి చూడండి.

చిత్రలేఖిని
మ్యూజియం తీసుకున్నది చరిత్ర విభాగం కోసం, చిత్రకళ విభాగం కోసం కాదు. అయినా మాస్టారితో గొడవ పెట్టుకోవద్దని నా సలహా. వారంలో ఒక పూట రాస్‌ను ఆపేసి, పుష్కరఘాట్‌లో కూర్చుని పెన్సిలుతో ఎదురుగా ఉన్నది గీయమని మీ బాబాయి గారికి చెప్పండి. ఆ తర్వాత ఈజిల్ దగ్గరికి వస్తే రాస్ పద్ధతే మరింత బాగా ఉపయోగపడుతుంది. నిజం చెప్పాలంటే, వర్ణాంధత్వం ఉన్న ఒక ప్రేక్షకుడు తనకు రంగులు కనిపించవని బాధపడితే, రాస్ ఒక భాగమంతా బూడిదరంగు ఛాయలతోనే చిత్రం వేసి చూపించాడు. మా కళాశాలలో కాంతిని గురించి ఇచ్చే మొదటి అభ్యాసమూ అదే. ఆ పాఠంతో మళ్ళీ మొదలుపెట్టమనండి.

గోదారిగట్టు
చిత్రలేఖిని గారి మాట ప్రకారం నిన్న పుష్కరఘాట్‌కు వెళ్ళారు, మాస్టారు కూడా అక్కడికే వచ్చి పక్కన కూర్చున్నారట, ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. ఇంతలో దేవీచౌక్ దగ్గరి ఒక భోజన హోటలు వారు మొదటి ఆర్డరు ఇచ్చారు. నాలుగడుగుల కాన్వాసు మీద పాపికొండలు, గోదావరి, ఒక లాంచి కావాలట. బాబాయి ఒక నమూనా వేశారు గాని, అలవాటు కొద్దీ పాపికొండల మీద మంచు పడింది. దాన్ని ఎలా తప్పించాలి?

రంగుడబ్బా
కత్తిని పక్కన పెట్టించండి. రాస్ మంచు కొండలకు పదునైన అంచులు కత్తితోనే వస్తాయి. గట్టి తెలుపును కత్తి అంచున సన్నగా తీసుకుని, నొక్కకుండా జార్చితే అది తెగిపోతూ మంచులా పడుతుంది. పాపికొండలు గుండ్రని, అడవి కప్పిన కొండలు. వాటికి రాస్ కొండల పాదాల దగ్గర చేసే పని మాత్రమే కావాలి. రెండంగుళాల కుంచె కొసను రంగులో అద్ది, కిందికి గీయకుండా తట్టుతూ పోవాలి. దూరపు కొండకు నీలం, తెలుపు ఎక్కువ కలపాలి, దగ్గరికి వచ్చేకొద్దీ పచ్చదనం పెరగాలి. కొండ మొదట్లో పొడి కుంచెతో మెల్లగా తడితే పొగమంచు వస్తుంది. తెల్లవారుజామున లాంచిలో వెళ్ళినవారికి అది ఎలా ఉంటుందో తెలుసు. నీటిలో నీడకు రంగును నిలువుగా కిందికి లాగి, తర్వాత అడ్డంగా ఒకే ఒక్కసారి తేలికగా తుడవాలి. గోదావరి నీరు వరద రోజుల్లో ఎర్రగా ఉంటుంది, హోటలు వారికి ఏ నెల గోదావరి కావాలో ముందే అడగండి.

పాతబోర్డు
అడ్వాన్సు కూడా ముందే అడగండి. లాంచి మీద హోటలు పేరు రాయమంటారు, అక్షరాలకు రేటు వేరే అని చెప్పండి.